ప్యాదాకు ముందు నడిచే షహ్

పెనుకొండ ఖిల్లా ఎక్కితే నాకు జంగుల కంటే ముందు చదరంగమే గుర్తొస్తుంది. విజయనగర రాయలు వచ్చి విడిది చేసిన చోటు అది. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగం ఆడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మన కవికి పేరు. దానికి ఒక చాటుపద్యం గవాహీ. వాన లేని ఏడాది చేనిలో పని లేక, వేపచెట్టు కింద బాజీలు పొడుగయ్యే సీమ కదా మనది, ఆ కథ ఇక్కడ నిలిచిపోవడంలో హైరాన్ లేదు.

ఇప్పుడు పిల్లలకు మొదట నేర్పే ఆఖరి ఘట్టం ఒకటుంది: ఒకవైపు షహ్, ఒక ప్యాదా, అవతల ఒంటరి షహ్. అబ్బాసీల జమానాలో అల్-అద్లీ, అస్-సూలీ లాంటి ఉస్తాదులు షత్రంజ్ మీద కితాబులు రాశారు. వాళ్లను ఈ సవాల్ అడిగితే నవ్వేవారు. వాళ్ల కాయిదాలో మొహ్రాలన్నీ పోగొట్టుకున్న షహ్ ఓడినట్టే. బాజీ అక్కడే ఖతమ్! పైగా చివరి వరుస చేరిన ప్యాదా వజీర్ అయ్యేది నిజమే కానీ, ఆ వజీర్ మూలకు ఒక్క ఖానా మాత్రమే నడిచేవాడు.

15వ శతాబ్దం చివర యూరప్‌లో వజీర్‌కు రెక్కలొచ్చాయి. అక్కడివాళ్లు దాన్ని రాణి అన్నారు. దాంతో ప్యాదా కీమత్ పెరిగింది, దాన్ని చివరిదాకా చేర్చడమే ఒక ఇల్మ్ అయింది. అందులో అసలు కిటుకు షహ్ నడకలో ఉంది. ప్యాదాను ముందుకు తోసి షహ్ వెనక నడిస్తే, అవతలివాడు తెలివిగా ఆడితే బాజీ బరాబర్. షహ్ ముందు నడిచి దారి చేయాలి. ఇద్దరు షహ్‌లు మధ్య ఒక్క ఖానా వదిలి ఎదురెదురుగా నిలబడితే, ఎత్తు వేయాల్సిన వంతు ఎవరిదో వాడే పక్కకు తప్పుకోవాలి. మన షహ్ ఆరో వరుసలో, ప్యాదా సరిగ్గా దాని వెనక ఐదో వరుసలో ఉంటే మాత్రం వంతు ఎవరిదైనా గెలుపు మనదే. అంచు వరుస ప్యాదాకు ఇది చెల్లదు; అవతలి షహ్ మూలలో దూరితే ఇక కదలడు.

మన దేశీ తరీఖా వేరు. అందులో ప్యాదా మొదటి ఎత్తులోనూ ఒక్క ఖానాయే. ఏ ఖానా చేరితే ఆ మొహ్రా అవుతుంది, గుర్రం ఖానాలో గుర్రమే. ఇంట్లో దాదా ఇలా ఆడితే తప్పు అనకండి. పంజాబ్ పల్లెలో పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్ నేర్చింది అదే తరీఖా. ఆయన 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు, కాపాబ్లాంకాను ఓడించాడు. ఆఖరి ఘట్టాల్లో ఆయన సబర్ చూసి తెల్లవాళ్లు దంగైపోయారు. ఇంతికాల్ 1966లో. ప్రపంచ చెస్ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ ఖితాబ్ ఇచ్చింది 2024లో.