ఆటోనగర్‌లో పాయింట్ల కాలం

బెజవాడ చరిత్ర రాసేవాళ్లు కొండమీద అమ్మవారి గుడి, ప్రకాశం బ్యారేజీ, రైల్వే జంక్షన్ దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. మహా అయితే సినిమా పంపిణీ ఆఫీసులున్న గాంధీనగర్ దాకా వస్తారు. పటమట దాటాక వచ్చే జవహర్ ఆటోనగర్‌ను మాత్రం లారీలకు బాడీలు కట్టే చోటని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ పక్కనే పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి, లారీల హోరులో ఎవరికీ వినబడకుండా పోయిన ఒక చిన్న పని గురించి రాయాలనిపించింది. అది పెట్రోలు కార్లకు పాయింట్లు సరిచేసే పని.

ఆటోనగర్ 1960ల్లో వెలిసింది. అప్పటికి మన రోడ్ల మీద కార్లంటే ముఖ్యంగా రెండే: ఉత్తరపాడలో తయారైన అంబాసిడర్, బొంబాయి నుంచి వచ్చే ఫియట్. రెండూ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్లే. నిప్పురవ్వ పుట్టించే పద్ధతి కూడా రెండింటిలో ఒకటే. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు రూపొందించగా 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లకు ఎక్కిన పద్ధతి అది. డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న లోహపు బిళ్లలు ఒకదాన్నొకటి తాకుతూ, విడిపోతూ ఉంటాయి; పాయింట్లంటే అవే. తాకినప్పుడు కాయిల్‌లో కరెంటు పారుతుంది. విడిపోగానే ఆ కరెంటు తెగి, వేల వోల్టులు పుట్టి, ప్లగ్ దగ్గర రవ్వ రాలుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఆ బిళ్లలు సెకనుకు 100 సార్లు విడిపోవాలి. అన్నిసార్లు కొట్టుకుంటే అరగకుండా ఎలా ఉంటాయి? బిళ్ల మీద గుంట పడుతుంది, క్యామ్‌ను రాసుకునే ఫైబరు ముక్క అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, దాంతోపాటు టైమింగూ జారిపోతుంది. బండి పొద్దున స్టార్ట్ కాదు, ఎక్కుడు రోడ్డు మీద గుంజదు. బిళ్లల మధ్య రవ్వను అణిచే కండెన్సర్ పోయిందంటే అవి నల్లబడిపోతాయి.

అంబాసిడర్‌కు ఆ గ్యాప్ 14 నుంచి 16 థౌ, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. కొలవడానికి ఫీలర్ గేజ్ ఉంది. కానీ మా పెద్ద మేస్త్రీలు పోస్టుకార్డు ముక్క దూర్చి చూసి, స్క్రూ బిగించేవాళ్లు. టైమింగ్‌కు ఒక 12 వోల్టుల బల్బు సరిపోయేది. ఒక వైరు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే కొసకు, రెండోది బాడీకి. తాళం వేసి, ఇంజన్‌ను మార్కు దగ్గర నిలబెట్టి, డిస్ట్రిబ్యూటర్‌ను అరచేత్తో మెల్లగా తిప్పాలి. పాయింట్లు విడివడిన క్షణాన బల్బు వెలుగుతుంది. అక్కడే బిగించాలి. ఏ పుస్తకమూ చదవని మనిషి ఈ పని అంత కచ్చితంగా చేయడం విద్యే. దాన్ని ఊరి చరిత్రలో రాయకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి ఈ విద్యను తినేసిందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో అది నిజం కావచ్చు. అక్కడ క్రిస్లర్ 1973 నాటికే తన కార్లన్నిటికీ పాయింట్లు తీసేసింది. మా దగ్గర జరిగింది వేరు. ఇక్కడ పాయింట్లను పక్కకు నెట్టింది డీజిల్. 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ వచ్చింది. దాన్ని చూసి పెట్రోలు బండ్లవాళ్లు కూడా ఇంజన్లు దించి డీజిల్ ఇంజన్లు ఎక్కించుకున్నారు. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గూ లేదు, కాయిలూ లేదు. పాయింట్ల మేస్త్రీలు పంపుల పనికీ, నాజిళ్ల పనికీ మళ్లారు.

ఈ పాత కార్లకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మా దగ్గర ఆలస్యంగా వచ్చింది, అదీ పెట్రోలు ఇంజన్‌ను ప్రేమగా దాచుకున్న కొద్దిమంది కోసం. పాత లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు, కండెన్సర్ తీసేసి, ఆ చోట చిన్న మాడ్యూల్ బిగిస్తారు. రోటర్ కింద అయస్కాంతాలున్న ఉంగరం కూర్చుంటుంది. అయస్కాంతం దాటినప్పుడల్లా సెన్సార్ పసిగడుతుంది, ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటును తెంపుతుంది. తాకేదీ లేదు, అరిగేదీ లేదు. క్యాప్ పెడితే బయటికేమీ కనబడదు, రెండు వైర్లు తప్ప.

పని అరగంటదే. తెలియకుండా చేస్తే మాత్రం మాడ్యూల్ నిమిషంలో మాడుతుంది. బ్రిటిష్ డిజైన్ పాత బండ్లలో బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపేవారు. అది చూసుకోకుండా మామూలు మాడ్యూల్ తగిలిస్తే అంతే సంగతులు. కాయిల్ నిరోధం కూడా కొలవాలి. మాడ్యూల్ కోరినదానికన్నా తక్కువ ఉన్న కాయిల్ పెడితే కరెంటు ఎక్కువై మాడ్యూల్ కాలిపోతుంది. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేయకూడదు. మా ఊరి మే నెల ఎండలో బానెట్ కింద వేడి ఎలాగూ ఉంటుంది, దానికి మనం ఇంకా తోడవకూడదు.

ఇంకొక సంగతి. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతుంటే, లోపలి అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి ఉంటే, మాడ్యూల్ వాటిని బాగుచేయదు. అవి యంత్రభాగాలు. ముందు లేత్ మీద కొత్త బుష్ తీయించి, స్ప్రింగులు మార్చి, ఆ తర్వాతే మాడ్యూల్ బిగించాలి. చివర్లో టైమింగ్ లైటు పెట్టి మళ్లీ చూడాలి. అందుకే ఈ కొత్త పనికి కూడా పాత డిస్ట్రిబ్యూటర్ లోపలంతా తెలిసిన మేస్త్రీయే కావాలి. మా ఆటోనగర్‌లో వెతికితే ఇంకా దొరుకుతారు.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. బండిని ఆ వయసుకు చేర్చాలనుకునేవాళ్లు తీసిన పాయింట్ల ప్లేటును, కండెన్సర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి. గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. దారిలో మాడ్యూల్ పోతే దాన్ని బాగుచేసేవాడు దొరకడు. పాయింట్లయితే ఒక స్క్రూడ్రైవరు, ఒక పోస్టుకార్డు ముక్కతో మీరే వేసుకుని ఇంటికి రావచ్చు.