స్వీయ ప్రచురణ (తెనాలి ప్రాంతం, తెలుగు ఈ-పుస్తకాలు)

స్వీయ ప్రచురణ అంటే రచయిత తన పుస్తకాన్ని సొంత ఖర్చుతో, సొంత పూచీ మీద వెలువరించి, తానే అమ్ముకోవడం. తెలుగు పుస్తకాల్లో ముఖపత్రం వెనక పుటలో ‘ప్రతులకు’ అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామా ఉంటే అది ఇలాంటి పుస్తకమని పాఠకులు గుర్తుపడతారు. ఈ పద్ధతి తెలుగువారికి పంతొమ్మిదో శతాబ్దం నుంచే తెలుసు. ఇరవై ఒకటో శతాబ్దంలో అది ఈ-పుస్తకం రూపంలో ఫోన్లలోకి చేరింది. ఈ వ్యాసం ఆ చరిత్రను తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం కేంద్రంగా వివరిస్తుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో కలిసింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పుస్తకాల విషయంలో మాత్రం మూడు ఊళ్లనూ ఒకే ప్రాంతంగా చూడటం న్యాయం.

అచ్చుకు ముందు

తాళపత్రాల కాలంలో కావ్యానికి వెల ఉండేది కాదు, అంకితం ఉండేది. తెనాలి పేరుతో ముడిపడిన రామకృష్ణకవి పదహారో శతాబ్దంలో పాండురంగ మాహాత్మ్యాన్ని విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చారు. కృతిపతి ఇచ్చే సత్కారమే కవికి దక్కే ప్రతిఫలం. తెలుగు అక్షరాలు మొదట జర్మనీలోని హాలె నగరంలో, 1746 ప్రాంతంలో, బెంజమిన్ షుల్జ్ పూనికతో అచ్చయ్యాయి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా అచ్చు పని మిషనరీల చేతుల్లో, ప్రభుత్వం చేతుల్లో, మద్రాసు ముద్రాపకుల చేతుల్లో సాగింది.

సొంత ముద్రాక్షరశాల

రచయితే ప్రచురణకర్తగా మారిన తొలి పెద్ద ఉదాహరణ కందుకూరి వీరేశలింగం. 1874లో వివేకవర్ధని పత్రికను మొదలుపెట్టి, కొంతకాలానికే రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాల పెట్టుకున్నారు. ఆయన నవల రాజశేఖర చరిత్రము మొదట ఆ పత్రికలో వచ్చి, ఆ తర్వాత పుస్తకమైంది. అభిప్రాయాల వల్ల శత్రువులు పెరిగిన రచయితకు సొంత అచ్చు యంత్రం ఎంత అండగా నిలుస్తుందో ఆయన జీవితం చూపించింది. ఆయన ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

తెనాలి దశాబ్దాలు (1920-1955)

మద్రాసు, హౌరా ప్రధాన రైలు మార్గం మీద ఉండటం తెనాలికి కలిసివచ్చింది. గుంటూరు వైపు ఒక దారి, 1916లో వేసిన రేపల్లె శాఖ మరొక దారి. పుస్తకాల కట్ట స్టేషన్లో పార్సిల్ వేస్తే కోస్తా ఊళ్లన్నిటికీ చేరేది. కృష్ణా కాలువల కింద వరి పండించే డెల్టా కుటుంబాల్లో చదువు, నాటకాల మీద మోజు, చర్చల మీద ఇష్టం కలిసి ఈ పట్టణాన్ని రచయితల ఊరుగా మార్చాయి.

ఆ దశాబ్దాల్లో ప్రముఖులు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943). డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1925లో పురపాలక సంఘ అధ్యక్షులయ్యారు. ఆయన ఇంటి పేరు సూతాశ్రమం. శంబుకవధ, సూతపురాణం, కురుక్షేత్ర సంగ్రామం వంటి రచనలు పురాణ కథలను నిలదీసి ప్రశ్నించాయి. ఇలాంటి పుస్తకాలకు వ్యాపార ప్రచురణకర్త దొరకడం కష్టం. రచయిత పూనికే వాటికి ఆధారం. ఆయన కుమారుడు, రచయిత గోపీచంద్ కూడా ఈ వాతావరణంలో పెరిగినవారే.

రెండో ఘట్టం చక్రపాణిది. ఆ పేరుతో ప్రసిద్ధులైన ఆలూరి వెంకటసుబ్బారావు 1908లో తెనాలి ఐతానగర్‌లో పుట్టారు. క్షయ వ్యాధితో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నారు. బెంగాలీ రచయిత శరత్ నవలలను ఎంత సహజమైన తెలుగులోకి తెచ్చారంటే, శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులున్నారు. 1930ల మధ్యలో, తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు (1909-1980)తో కలిసి యువ పేరుతో ప్రచురణ పని మొదలుపెట్టారు. అనువాదకుడు, సంపాదకుడు, ప్రచురణకర్త ఒకే మనిషిలో కలవడం అప్పట్లో అరుదు. 1947 జూలైలో సినీ నిర్మాత బి. నాగిరెడ్డితో కలిసి మద్రాసులో చక్రపాణి ఆరంభించిన పిల్లల పత్రిక చందమామ అనేక భాషల్లోకి విస్తరించింది. కుటుంబరావు 1952 నుంచి దానిని తీర్చిదిద్దారు. తెనాలిలో నేర్చిన పని దేశంలోని పిల్లలందరికీ పనికివచ్చింది.

మరో వైపు సాధన గ్రంథ మండలి తెనాలి నుంచే సంస్కృత గ్రంథాలను తెలుగు తాత్పర్యాలతో ప్రచురించింది. బులుసు సూర్యప్రకాశ శాస్త్రి నడిపిన ఈ సంస్థ పుస్తకాలు నేటికీ ఇళ్లలోని పూజ అల్మరాల్లో కనిపిస్తాయి. నాస్తిక కావ్యాలూ వేదాంత గ్రంథాలూ ఒకే పట్టణంలో అచ్చు కావడం ఆ కాలపు ఆరోగ్యకరమైన లక్షణం.

అదే పట్టణంలో అచ్చుకు స్తోమత లేని రచయితా ఉన్నారు. తమిళనాడులో పుట్టిన ఎస్. నటరాజన్ చిన్నతనంలోనే తెనాలి వచ్చి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, శారద పేరుతో కథలు, నవలలు రాశారు. ఏది సత్యం, మంచీ చెడూ, అపస్వరాలు ఆయన నవలలు. ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే 1955లో కన్నుమూశారు. పత్రికలు అచ్చు వేసుకున్న ఆ రచనలు పుస్తకాలుగా నిలిచింది మిత్రుల, అభిమానుల పూనికతో. స్వీయ ప్రచురణ చరిత్రలో శారద పేరు తప్పక రావాలి. కాగితం, అచ్చు, బైండింగు ఖర్చు పెట్టుకోగలిగినవారికే ఆ దారి తెరిచి ఉండేదని ఆయన జీవితం చెబుతుంది.

ఆనాటి అమ్మకం విధానం సులువైనది కాదు. రచయిత తన ప్రతుల్లో కొన్ని మిత్రులకు ఇచ్చేవారు, కొన్ని ఊరూరా పుస్తకాల షాపుల్లో వేసేవారు, ఉత్తరం రాసినవారికి వి.పి.పి.లో పంపేవారు. పోస్ట్‌మ్యాన్ పుస్తకం చేతికిచ్చి డబ్బు తీసుకుంటే, అది మనియార్డరుగా రచయితకు చేరేది. షాపుల నుంచి రావలసిన బాకీ మాత్రం చాలాసార్లు వచ్చేది కాదు. పొరుగున కేరళలో ఈ బాధకు రచయితలు ఉమ్మడి మందు కనిపెట్టారు. 1945లో కొట్టాయంలో పుట్టిన సాహిత్య ప్రవర్తక సహకరణ సంఘం రచయితలకు 30 శాతం రాయల్టీ ఇచ్చి దేశానికి ఆదర్శమైంది. తెలుగునాట అంత బలమైన రచయితల సహకార సంస్థ నిలవలేదు.

1955 నుంచి 1990 వరకు తెలుగు రచయితలు విజయవాడ ప్రచురణ సంస్థల మీద, వారపత్రికల సీరియళ్ల మీద ఎక్కువగా ఆధారపడ్డారు. కవులు మాత్రం సొంత ఖర్చుతో సంపుటాలు వేసుకుంటూనే ఉన్నారు.

కంప్యూటర్ అక్షరాలు

1990లలో సీసపు అక్షరాల స్థానంలో, కంప్యూటర్‌లో పుటలు కూర్చే డీటీపీ వచ్చింది. అచ్చు ఖర్చు తగ్గింది, రచయిత పక్కన కూర్చుని పుటలు దిద్దించుకునే వీలు కలిగింది. కానీ అను, శ్రీలిపి వంటి నాటి ఫాంట్లు తెలుగు అక్షరాన్ని తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ ముక్కలు చేసి, ఆ ముక్కలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాచేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పుస్తకం తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడేవి. ఇలా తయారైన పుస్తకాలను తర్వాత ఈ-పుస్తకాలుగా మార్చడం పెద్ద శ్రమ అయింది. మార్పిడిలో ఒత్తులు చెదిరిపోతే ప్రతి పుటా మళ్లీ ప్రూఫు చూడాల్సివచ్చేది.

దీనికి పరిష్కారం, ప్రతి లిపి అక్షరాలకూ సొంత స్థానాలు ఇచ్చే యూనికోడ్. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అయితే అది ఇళ్లకు చేరడానికి దశాబ్దం పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికాయి. ఈలోగా అమెరికాలోని తెలుగువారు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతితో సరిపెట్టుకున్నారు. 1998లో వారి మధ్య నుంచే ఈమాట పత్రిక పుట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేస్తే తెలుగులోకి మార్చే లేఖినిని 2006లో వీవెన్ తయారుచేశాక తెలుగు కీబోర్డు నేర్వని మనిషి కూడా తెలుగు రాయగలిగాడు. స్వీయ ప్రచురణకు దీనికి మించిన మేలు చేసిన పనిముట్టు తెలుగులో లేదు. ఆ ఏళ్లలో బ్లాగులు రాసినవారు సంపాదకుడు లేకుండా పాఠకుడిని నేరుగా కలుసుకోవడం నేర్చుకున్నారు.

ఈ-పుస్తకం

ప్రపంచంలో ఈ-పుస్తకాలకు నాంది 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. 2007లో రెండు సంగతులు జరిగాయి. ఈపబ్ అనే ఉమ్మడి ఫైలు రూపం వచ్చింది. పీడీఎఫ్‌లో పుట కదలదు. ఈపబ్‌లో వాక్యాలు తెర వెడల్పును బట్టి సర్దుకుంటాయి, అక్షరం పెద్దది చేసుకోవచ్చు. అదే సంవత్సరం నవంబరులో అమెజాన్ కిండిల్ పరికరాన్నీ, రచయితలు నేరుగా పుస్తకం పెట్టే వేదికనూ తెచ్చింది. 2010లో నిర్ణీత ధరల మధ్య ఉన్న పుస్తకాలకు రాయల్టీని 35 నుంచి 70 శాతానికి పెంచింది. భారతదేశపు అమ్మకాలపై ఆ 70 శాతం కావాలంటే ఈ-పుస్తకాన్ని 90 రోజుల చొప్పున అమెజాన్‌కే పరిమితం చేస్తూ ఒప్పుకోవాలి.

తెలుగులో ఈ దారి తెరిచింది కినిగె. చావా కిరణ్ హైదరాబాదు నుంచి 2010 ప్రాంతంలో ఆరంభించిన ఈ సంస్థ తెలుగు ఈ-పుస్తకాలకు తొలి గట్టి దుకాణం. అక్కడ పుస్తకాన్ని కొనుక్కునే వీలూ, కొన్ని రోజులకు అద్దెకు తీసుకునే వీలూ ఉండేవి. పేరున్న ప్రచురణకర్తల పుస్తకాల పక్కనే తొలి పుస్తకం రాసిన కవి సంపుటికీ చోటిచ్చింది. ఏ ఊళ్లోనూ షాపు అర దొరకని పుస్తకాలు డల్లాస్‌లోనూ దుబాయ్‌లోనూ ఉన్న పాఠకులకు అందాయి. తెలుగు ప్రచురణ చరిత్రలో ఇది అభినందించదగిన ప్రయత్నం. ఆ దశకంలోనే బెంగళూరులో పుట్టిన ప్రతిలిపి, ఫోన్‌లో విడతలవారీగా కథలు రాసేవారికి వేదికైంది. తెలుగు విభాగంలో సీరియళ్లు రాసేవారు చాలామంది మహిళలు.

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషలను ప్రవేశపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు ఇది పెద్ద వెలితి. పుటలను బొమ్మలుగా మార్చి పెడితే చూడటానికి తెలుగే. కానీ అందులో మాట వెతకలేం, అక్షరం పెద్దది చేయలేం. తమిళ రచయితలు కిండిల్‌లో సొంత పుస్తకాలతో ముందుకు సాగుతుండగా తెలుగు రచయితలు గూగుల్ ప్లే బుక్స్‌కూ ఇతర వేదికలకూ మళ్లారు.

పన్ను, హక్కులు, డబ్బు

అచ్చు పుస్తకంపై జీఎస్టీ లేదు. 2017లో ఈ-పుస్తకంపై 18 శాతం వేశారు. 2018 జూలై 27 నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. అయితే ఆ తగ్గింపు అచ్చులో కూడా వచ్చిన పుస్తకానికే వర్తిస్తుంది. కాగితం మొహం చూడని ఈ-పుస్తకానికి ఆ మేలు లేదు. డబ్బు లేక అచ్చు వేయించుకోలేని రచయిత పాఠకుడే ఎక్కువ పన్ను కట్టడం సమంజసం కాదు.

ఐఎస్‌బీఎన్ సంఖ్యను భారతదేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు నిలుస్తుంది. అందువల్లనే 1943లో మరణించిన కవిరాజు రచనలను ఎవరైనా ఈ-పుస్తకాలుగా తేవచ్చు. 2012 సవరణ, కాపీ చేయకుండా ఫైళ్లకు వేసిన డిజిటల్ తాళాలను పగలగొట్టడాన్ని నేరంగా పరిగణించింది. అయినా పీడీఎఫ్ ఒక వాట్సాప్ గుంపులో పడితే వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

2016లో వచ్చిన యూపీఐ అమ్మకాన్ని మార్చింది. వి.పి.పి. చేసిన పనిని ఇప్పుడు ఫోన్ చేస్తోంది. పాఠకుడు డబ్బు పంపుతాడు, రచయిత ఫైలు పంపుతాడు, మధ్యలో ఎవరూ ఉండరు. పుస్తకం కావాలన్నవారికి మాత్రమే ప్రతి అచ్చు వేసి పంపే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిని దేశంలో పరిచయం చేసిన తొలి సంస్థల్లో 2008లో బెంగళూరులో మొదలైన పోతి డాట్ కామ్ ఒకటి. 300 ప్రతులు అచ్చు వేయించి అటక మీద పెట్టుకునే అవస్థ ఈ పద్ధతితో తప్పింది.

భద్రపరచడం

బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం తెలుగు పుస్తకాలకు పెట్టని కోట. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల పత్రికలు, పుస్తకాల కోసం పరిశోధకులు నేటికీ అక్కడికే వెళతారు. రచయిత పోయినా, ప్రచురణ సంస్థ మూతపడినా, ఒక్క ప్రతి ఆ బీరువాల్లోకి చేరితే పుస్తకం బతికినట్టే. అచ్చు పుస్తకాల ప్రతులు జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం కూడా చెబుతుంది.

ఈ-పుస్తకానికి అలాంటి బీరువా లేదు. అమ్మే సంస్థ మూతపడిన రోజున, రచయిత ఫోన్ పాడైన రోజున పుస్తకం కనుమరుగవుతుంది. తెనాలిలోగానీ రేపల్లెలోగానీ ఈ రోజు ఈ-పుస్తకం తెచ్చే రచయిత మొదటి ప్రతిని పాఠకుడికి అమ్మినా, యూనికోడ్ ఫైలునూ, వీలైతే ఒక్క అచ్చు ప్రతినీ గ్రంథాలయానికి అందజేయడం ఆ పుస్తకానికి చేసే అసలైన రక్ష. శారద రచనలను కాపాడటానికి మిత్రులు ఉన్నారు. ఫైలుకు ఆ మిత్రుడి పని రచయితే చేసిపెట్టాలి.