వెదురు ఎలుక బూజు – హెచ్.ఐ.వి. జాడ

శరీరములోపల దాగిన రోగము ఒక్కొక్కప్పుడు తన జాడను చర్మముపై చూపును. ఆగ్నేయాసియాలోని ఒక బూజు చరిత్ర ఇందుకు నిదర్శనము.

1956లో వియత్నాం దేశమందలి దలాత్ నగరపు పాశ్చర్ సంస్థలో, ప్రయోగములకై ఉంచిన వెదురు ఎలుకలు కొన్ని చనిపోయెను. వాని అవయవములలో ఒక క్రొత్త బూజు కనబడెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాబ్రియేల్ సెగ్రెతేన్ దానిని పరిశీలించి, ఇండోచైనా పాశ్చర్ సంస్థ అధిపతి మార్నెఫ్ గౌరవార్థము 1959లో పెనిసిలియం మార్నెఫై అని పేరిడెను. 2011లో దానిని టాలరోమైసిస్ అను ప్రజాతిలో చేర్చిరి.

ఈ బూజునకు రెండు రూపములు కలవు. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పెంచినచో పోగులవలె అల్లుకొని, చుట్టును ఎర్రని రంగు వదలును. 37 డిగ్రీల వద్ద, అనగా మన శరీరపు వేడిమిలో, ఈస్టువంటి చిన్న కణములుగా మారును. ఈస్టు మొగ్గతొడిగి పెరుగును. ఈ కణము నడుమ అడ్డుగోడ ఏర్పడి రెండుగా చీలును. సూక్ష్మదర్శినిలో ఆ అడ్డుగోడయే దీని ఆనవాలు.

ప్రయోగశాలలో పొరపాటున సూది గ్రుచ్చుకొనగా, సెగ్రెతేన్ వ్రేలిపై బొడిపె లేచి, చంకలో బిళ్ళ కట్టెను. మందు తీసికొని ఆయన కోలుకొనెను. ఆగ్నేయాసియాలో తిరిగివచ్చిన ఒక అమెరికనుని సంగతి 1973లో ప్రకటింపబడినది. అతని ప్లీహములో ఈ బూజు దొరికెను. అతనికి నిరోధకశక్తిని క్రుంగదీయు హాడ్జ్‌కిన్ వ్యాధి యుండెను. బూజు ఎట్టి దేహమును వెదకునో అప్పుడే సూచన దొరికినది.

ఆ సూచనలోని అర్థము హెచ్.ఐ.వి. వ్యాపించిన పిదప తేటపడెను. ఉత్తర థాయ్‌లాండులోని చియాంగ్ మై వైద్యులు 1994లో 92 మంది రోగుల వివరములు ప్రకటించిరి. వారిలో 86 మందికి హెచ్.ఐ.వి. యుండెను. జ్వరము, రక్తహీనత, బరువు తగ్గుట అందు ముఖ్య లక్షణములు. పదిమందిలో సుమారు ఏడుగురికి చర్మముపై పొక్కులు కనబడెను. ముఖముపై, చేతులపై లేచు ఈ పొక్కులలో పెక్కింటికి నడుమ బొడ్డువంటి గుంట యుండును. పొక్కును గీకి, గాజుపలకపై రాచి, రంగువేసి చూచినచో అడ్డుగోడ గల కణములు వెంటనే బయటపడును. తమకు హెచ్.ఐ.వి. కలదని కొందరికి ఇట్లే మొదటిసారి తెలియును.

మన దేశమున మణిపూర్‌లోనే ఈ రోగము సోకిన నలుగురి వృత్తాంతము 1999లో వెలువడినది. వారందరును హెచ్.ఐ.వి. సోకినవారే.

ఆలస్యము ప్రాణాపాయము. వియత్నాంలో 440 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడెను. 24 వారములలో ఇట్రాకోనజోల్‌తో చికిత్స ప్రారంభించినవారిలో నూటికి 21 మంది, ఆంఫోటెరిసిన్‌తో ప్రారంభించినవారిలో నూటికి 11 మంది మరణించిరి. సరియైన మందు పడినను ముప్పు పూర్తిగా తొలగలేదు.

తామర వచ్చిన ప్రతివారికి హెచ్.ఐ.వి. కలదని భయపడరాదు, తామర ఆరోగ్యవంతులకును వచ్చును. కాని జ్వరముతో, చిక్కిపోవుటతో కూడి ఇట్టి పొక్కులు లేచినప్పుడు పైపూతతో సరిపెట్టరాదు. రక్తపరీక్ష చేయించవలెను. హెచ్.ఐ.వి. మందులతో నిరోధకశక్తి తిరిగి పుంజుకొన్నచో ఈ బూజునకు దేహమున తావు దొరకుట కష్టము.