పాత బుల్లెట్ మోటారు సైకిలులో బోల్టులు, నట్ల మార్పిడి

పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిలులో తుప్పుపట్టిన, అరిగిన లేదా ఊడిపోయిన బోల్టులు, నట్లు, స్టడ్డుల స్థానంలో సరియైన వాటిని గుర్తించి బిగించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. చూడడానికి ఇది చిన్న పని. కాని ఈ బండిలో ఒకటికి మించిన కొలతల పద్ధతులు కలిసి ఉన్నందువలన, సరిపోని ఒక్క బోల్టు ఇంజను పెట్టెలోని అల్యూమినియం మరను పూర్తిగా చెరిపివేయగలదు. బ్రేకు, చక్రపు ఇరుసు వంటి చోట్ల అది ప్రాణాపాయానికే దారితీయవచ్చు. పోత ఇనుప సిలిండరు గల పాత ఇంజను బండ్లకు ఈ వివరాలు వర్తిస్తాయి.

నేపథ్యం

బుల్లెట్ ఇంగ్లాండులోని రెడ్డిచ్ పట్టణంలో రూపొందిన బండి. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థ రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. మరుసటి సంవత్సరమే భారతదేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. అయినా బండి నమూనా ఆంగ్లేయులది కావడంతో అంగుళాల మరలు దశాబ్దాల పాటు కొనసాగాయి. తరువాతి కాలంలో కొన్ని భాగాలకు మెట్రిక్ మరలు వచ్చి చేరాయి. ఇవిగాక, మధ్యలో మరమ్మత్తు చేసినవారు చేతికి దొరికినది బిగించి ఉండవచ్చు. అందుచేత బండి తయారైన సంవత్సరాన్ని బట్టి మరను ఊహించడం సరికాదు.

మరల రకాలు

బోల్టు మీద మెలికలు తిరిగి ఉండే గాడిని మర అంటారు. వర్కుషాపులలో దీనికి చూడీ అనే హిందీ మాట వాడుకలో ఉంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరకు కోణం 55 డిగ్రీలు. ఇందులో 1/4 అంగుళం బోల్టుకు అంగుళానికి 20 మరలుంటాయి. మెత్తని అల్యూమినియంలోకి దిగే చోట ఇటువంటి ముతక మరే మంచిది. ఇదే కోణంతో సన్నని మర గల బి.ఎస్.ఎఫ్. రకంలో 1/4 అంగుళానికి 26, 5/16 అంగుళానికి 22 మరలు. సైకిలు పరిశ్రమ నుండి వచ్చిన సి.ఇ.ఐ. రకంలో ఈ రెండు పరిమాణాలకూ 26 మరలే, కోణం మాత్రం 60 డిగ్రీలు. మెట్రిక్ మర కోణం కూడా 60 డిగ్రీలే.

అసలు చిక్కు 5/16 అంగుళం దగ్గర వస్తుంది. దాని వ్యాసం 7.94 మి.మీ.; మెట్రిక్ 8 మి.మీ. బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కాని బి.ఎస్.ఎఫ్. లో మరకూ మరకూ దూరం సుమారు 1.15 మి.మీ., సాధారణ మెట్రిక్ బోల్టులో 1.25 మి.మీ. రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకోగానే "కొత్త బోల్టు కదా, బిగువుగానే ఉంటుంది" అని పానా వేసి తిప్పినవారే మరను పోగొట్టుకుంటారు. బోల్టు చేతి వేళ్ళతోనే నాలుగైదు చుట్లు సాఫీగా దిగాలి. దిగకపోతే అది ఆ రంధ్రానిది కాదు.

వెర్నియర్ తో వ్యాసాన్ని, పిచ్ గేజితో మరను కొలవాలి. గేజి లేకపోతే, రకం తెలిసిన బోల్టును పాత బోల్టుకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. మరలు ఒకదానిలో ఒకటి కూర్చుని మధ్య వెలుతురు కనబడకుంటే మరల దూరం ఒకటే. కోణాన్ని మాత్రం ఈ పరీక్ష తేల్చలేదు.

పానాల లెక్క కూడా వేరే. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె బోల్టు వ్యాసమే గాని తల వెడల్పు కాదు. 1/4 విట్‌వర్త్ పానా నోరు సుమారు 13.3 మి.మీ. కనుక 13 నంబరు పానా ఎక్కదు, 14 నంబరు వదులై తల అంచులను గుండ్రం చేస్తుంది.

సంపాదించడం

సికింద్రాబాదులోని రాణిగంజ్ వంటి హార్డువేరు బజారులలో అడగవచ్చు. బండి విడిభాగాలకు ఢిల్లీ కరోల్‌బాగ్, చెన్నై పుదుపేట పేరుపొందినవి. పాత బోల్టును వెంట తీసుకువెళ్ళడం అన్నిటికన్నా మేలు. మెట్రిక్ బోల్టు తల మీద 8.8 అని ఉంటే దాని తన్యతా బలం చదరపు మి.మీ.కు 800 న్యూటన్లు. తుప్పుపట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులను అన్నిచోట్లా వేయడం మంచిది కాదు. సాధారణ స్టెయిన్‌లెస్ రకాలు దీనికన్నా తక్కువ బలం గలవి; పైగా తేమ తగిలితే వాటిని ఆనుకున్న అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. మడ్‌గార్డు, నంబరు ప్లేటు వంటి చోట్ల అభ్యంతరం లేదు. ఇరుసును మాత్రం ఏదో ఒక ఇనుప కడ్డీతో లేత్ మీద చేయించుకోరాదు.

బిగించడం

రంధ్రంలోని మట్టిని, పాత నూనెను శుభ్రం చేయాలి. మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ ఒత్తిడికే పోత పగలవచ్చు. ఎక్కువ బోల్టులున్న మూతలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. మాన్యువల్ లో ఇచ్చిన టార్కు పొడి మరకు చెప్పినదైతే, నూనె రాసిన మరకు అంత బలం వాడకూడదు. నైలాన్ నట్లు వేడి తగిలే సైలెన్సరు దగ్గర పనికిరావు. స్ప్లిట్ పిన్నును విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. బుల్లెట్ ఇంజను అదురు ఎక్కువ కనుక మొదటి ప్రయాణం తరువాత, ఇంజను చల్లారాక, అన్నిటినీ మరల సరిచూడాలి.

అల్యూమినియంలో మర అప్పటికే చెడిపోయి ఉంటే పెద్ద బోల్టును బలవంతంగా దింపరాదు. రంధ్రాన్ని తొలిచి, కొత్త మర తీసి, తీగచుట్ట వంటి హెలికాయిల్ ను అమరిస్తే అసలు కొలత బోల్టే తిరిగి పడుతుంది. దీనికి కావలసిన ప్రత్యేకమైన టాపు ఆ మర రకానికి చెందినదే అయి ఉండాలి.