కోపు మారితే అడుగు మారాలి

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టిన వాటిలో కృష్ణదేవరాయల సాము ముచ్చట అందరికీ తెలుసు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, ఆ నూనె చెమటై కారిపోయేదాకా కత్తి తిప్పి, జెట్టితో కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కేవాడట. డ్రిల్లు టీచరుగా ఉన్నన్నాళ్ళూ ఆ కథ పిల్లలకు చెప్పేదాన్ని. పేస్ పుస్తకంలో నాకు అంతకన్నా ఇష్టమైన చోటు ఇంకొకటి ఉంది. అది నగరులో ఆడపిల్లలకు నాట్యం నేర్పే శాల. ఒక్కో ఆట ఏ నిలుపుతో ముగియాలో అక్కడి పలకల మీద చెక్కి ఉంచారు. మరిచిపోయిన పిల్ల ఆ పలక చూసి జ్ఞాపకం తెచ్చుకోవాలి. అదే శాలలో ఒక చివరన చేతులతో పట్టుకుని వేలాడి ఒళ్ళూ కాళ్ళూ సాగదీసుకునే ఏర్పాటు. కండకూ జ్ఞాపకానికీ సాధన ఒకే కప్పు కింద జరిగేది.

ఆ పద్ధతి అంతఃపురంతో పోలేదు. పల్లెల్లో కోలాటంగా, చెక్కభజనగా మిగిలింది. కోలాటం విజయనగరం కన్నా పాతది కూడా. కాకతి గణపతిదేవుని దగ్గర ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 1253-54లో రాసిన నృత్తరత్నావళిలో, దేశి ఆటల వరుసలో దండరాసకం ఉంది. కర్రలు పట్టుకుని గుంపుగా తాళానికి ఆడే ఆట అది. హంపిలో మహానవమి దిబ్బ రాతిపట్టీల మీద కోలలు పట్టుకున్న ఆడవాళ్ళు వరుసగా ఉంటారు. వచ్చినవాళ్ళు ఏనుగులనూ గుర్రాలనూ చూసి దిగిపోతారు. వృత్తి అలవాటు కొద్దీ నా చూపు మాత్రం ఆ ఆడవాళ్ళ మోకాళ్ళ మీదికి పోతుంది. మోకాలు కాస్త వంచి, నడుం తిప్పి నిలబడడం ఎంత కష్టమో నేర్పినవాళ్ళకు తెలుసు.

మాది పీలేరు పక్కన పల్లె. మా పెదనాయన చెక్కభజన గురువు. పంట పని తగ్గిన రోజుల్లో వేరే ఊళ్ళవాళ్ళు వచ్చి పిల్చుకొని పోయేవాళ్ళు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పూటకొక ఇంట్లో భోజనం. రాత్రి రామాలయం ముందర సాధన. మడక దున్ని వచ్చిన మగపిల్లోళ్ళు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, ఇత్తడి బిళ్ళలు పొదిగిన చెక్కలు చేతబట్టి, వంగుతూ లేస్తూ ఎగురుతూ తిరిగేవాళ్ళు. నోట పాట ఉండాల్సిందే. గురువు ఒక పాదం పాడితే గుంపు అందుకోవాలి, అందుకునేటప్పుడు అడుగు తప్పకూడదు. గొంతు ఎక్కడ ఆగిందో పెదనాయన వెంటనే పట్టేవాడు. కాలు తడబడినా ఊరుకునేవాడు గానీ పాట ఆగితే ఊరుకునేవాడు కాదు. నేర్పు ముగిసినాక గజ్జెపూజ చేసి ఊరందరి ముందర ఆడించి, బట్టలూ దక్షిణా తీసుకుని ఇంటికొచ్చేవాడు. దీన్ని మా ఊళ్ళో దేవుని పని అనుకున్నారే గానీ వ్యాయామం అని ఎవరూ అనుకోలేదు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన అడిగినాడు.

“మీ డ్రిల్లులో పాట ఉండదంటనే పాపా?”

“ఉండదు పెదనాయనా. ఒకటీ రెండూ అని లెక్క పెడతాం.”

“లెక్క ఎవరు పెడతారు?”

“నేనే.”

“ఇంక పిల్లోళ్ళకేం మిగిలింది?”

నాకు జవాబు తోచలేదు. తర్వాత ఆ డ్రిల్లు చరిత్ర చదివితే పెదనాయన ప్రశ్న ఎంత పదునైందో తెలిసింది. బడి డ్రిల్లు ఒకవైపు సిపాయిల కవాతు నుంచి, ఇంకొకవైపు యూరపు జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చింది. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో పెట్టిన సంస్థ నుంచి చేతులు చాచడం, మడమలెత్తడం, వంగడం అనే వరుస దేశదేశాలకూ పాకింది. మన మద్రాసు ప్రెసిడెన్సీలో వ్యాయామ మాస్టర్లు శిక్షణ కోసం మద్రాసు వైపే చూసేవాళ్ళు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కూడా మద్రాసు సైదాపేటలో ఆ శిక్షణ పొందే ఉత్తరాంధ్ర విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పాడు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నది ఆ తర్వాతి కథ. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల మొదలుపెట్టాడు. మన దేశపు ఆటలనూ చేర్చాలని ఆయన గట్టిగా అన్నాడు, దానికి ఆయనకు నమస్కారం. అయినా బడి గంటలోకి వచ్చింది ఎక్కువగా వరుసా, ఆజ్ఞా. ఏం చెయ్యాలో మాస్టరు చెబుతాడు, పిల్ల ఒళ్ళు చేస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సిన పని పిల్లకు లేదు.

కోలాటంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. లోపలి వరుస ఒకవైపు, బయటి వరుస ఎదురుగా తిరుగుతుంటాయి. ఒక దెబ్బ నా కోలలకే, ఇంకొకటి ఎదురుగా ఉన్న అక్క కోలకు, తర్వాత ఒక తిరుగుడు, ముందున్న ఇంకో అక్కకు దెబ్బ. ఇది ఒక కోపు. గురువు ఈల వేస్తే కోపు మారుతుంది. పాత కోపును ఒంట్లో నుంచి ఆపెయ్యాలి, కొత్తది ఆ క్షణంలోనే మొదలుపెట్టాలి. నోట్లో పాట నడుస్తూనే ఉండాలి. పాతదాన్ని ఆపడమే అన్నిటికన్నా కష్టం. ఈల విని కూడా చెయ్యి పాత దారినే పోతుంది.

ఇదే సంగతిని జెనీవాలో ఒక సంగీతం మాస్టరు వేరే దారిన కనిపెట్టాడు. ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్ 1892 నుంచి అక్కడి సంగీత కళాశాలలో పాఠం చెప్పేవాడు. పిల్లలకు స్వరాలు వస్తున్నాయి, లయ ఒంట్లోకి రావడం లేదని గమనించి, పియానో వాయిస్తూ వాళ్ళను నడిపించాడు. వాద్యం మారితే నడక మారాలి, ఆగితే ఆగాలి. ఆ పద్ధతిని జెనీవా వైద్యులు అరవై అయిదేళ్ళు దాటిన 134 మంది మీద పరీక్షించి 2011లో ఫలితం అచ్చు వేశారు. వారానికొక గంట, ఆరు నెలలు. నడక నిలకడ మెరుగైంది, ఇంకో పని చేస్తూ నడిచేటప్పుడు కూడా. పడిపోవడం తగ్గింది.

అంతకుముందు 1997లో స్వీడన్‌లో ఉమెయో వైద్య పరిశోధకులు ఇంకా చిన్న సంగతి చూశారు. వృద్ధుల వసతిలో నడవగలిగిన 58 మందితో నడుస్తుండగా మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి ఆగిపోయారు. వాళ్ళలో 10 మంది ఆరు నెలల్లోపు పడ్డారు. నడకకూ మాటకూ ఒకే మెదడు ధ్యాస పంచాలి, పంచలేనప్పుడు కాలే ముందు నష్టపోతుంది. న్యూయార్కులో జో వర్గీస్ బృందం 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో రాసిన వ్యాసంలో, ఒంటి పనులన్నిటిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనబడింది నాట్యం చేసేవాళ్ళలోనే. మతి బాగున్నవాళ్ళే నాట్యానికి పోతారేమో అన్న అనుమానం అక్కడ తీరదు, అది కూడా చెప్పుకోవాలి. ఇవేవీ కోలాటం మీద చేసిన పరీక్షలు కావు. కానీ ఆ డాక్టర్లు వెతుకుతున్న పని మా రామాలయం ముందర రాత్రిపూట జరిగేది.

రిటైరయ్యాక మా వీధి ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతున్నాను. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందర మాడవీధుల్లో ఆడాలన్న ఆశతో ఊరూరా గుంపులు లేచాయి కాబట్టి, పిలవకుండానే వచ్చారు. ఎక్కువమంది యాభై దాటినవాళ్ళు. మొదట్లో కూర్చుని లేవాలంటే గోడ పట్టుకునేవాళ్ళు. వంగి నేలకు కోల తాకించి లేచే కోపు సాధన చేస్తూ చేస్తూ తొడల్లో బలం వచ్చింది. ఒంటికాలి మీద తిరిగే చోట ఇప్పటికీ కొందరు తూలుతారు. వాళ్ళను వరుస మధ్యలో పెడతాను, రెండువైపులా గట్టి మనిషి ఉండేట్టు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష జడకోలాటం. పైన కట్టిన తాళ్ళు ఒక్కొక్కరు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతిలో కోలతో, ఒకరి ముందు నుంచి ఒకరి వెనక నుంచి అల్లుకుంటూ పోతారు. పైన జడ దిగుతుంటుంది. అల్లడం వారంలో వచ్చేస్తుంది. విప్పడమే విద్య. వచ్చిన దారినంతా తిరగేసి నడవాలి. ఎవరి ముందు నుంచి పోయానో ఇప్పుడు వాళ్ళ వెనక నుంచి రావాలి. ఒక్కరు మరిస్తే ముడి పడుతుంది, పడింది ఎక్కడో అందరికీ పైన కనబడుతుంది. ముడి పడినప్పుడు నేను విప్పను. పాట ఆపించి, “ఎవురి దగ్గర తప్పింది, చెప్పండమ్మా” అంటాను. తలలెత్తి చూసి, వేళ్ళతో దారి గీసుకుని, “నువ్వు నా ఎనక రావాల్సింది గదక్కా” అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు.

ఇప్పుడు నాకున్న బాధ ఒకటే. చాలా గుంపుల్లో పాట స్పీకరులో వస్తోంది. ఒకేరకం చీరలు, పెద్ద చప్పుడు, నోళ్ళు మూసుకునే ఆట. అడుగులు ముచ్చటగా ఉంటాయి. కానీ రికార్డు ముందే తెలిసిన పాట, కోపు ఎక్కడ మారుతుందో ముందే తెలిసిన ఆట. ఈల వేసే గురువు పక్కకు తప్పుకున్నాడు. డ్రిల్లు మన పిల్లల నోటి నుంచి పాట తీసేసినట్టే ఇదీ తీసేస్తోంది, ఈసారి మనం చేజేతులా ఇస్తున్నాం. మా గుంపులో సెల్‌ఫోనూ స్పీకరూ వద్దన్నాను. కొందరికి కోపం వచ్చింది, ఇద్దరు వేరే గుంపుకు పోయారు. ఉన్నవాళ్ళలో ఊపిరి చాలనివాళ్ళు పల్లవి మాత్రం అందుకుంటారు, చరణం పక్కవాళ్ళు పాడతారు. ఈల ఎప్పుడు వేస్తానో ఎవరికీ చెప్పను.