ఢిల్లీ వసంతం ఎందుకింత చంచలం? మధ్యధరా మేఘాలకు, గోధుమ గింజకు ఉన్న సంబంధమేమిటి?

2020 మార్చిలో దేశ రాజధాని ఢిల్లీలో 100 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసింది. సాధారణంగా ఆ నెలలో అక్కడ కురిసేది 20 మిల్లీమీటర్ల లోపే. సరిగ్గా ఏడాది తర్వాత, 2021 మార్చి 29న, హోలీ పండుగ నాడు, సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో పగటి ఉష్ణోగ్రత 40.1 డిగ్రీల సెల్సియస్‌గా నమోదైంది. మార్చి నెలలో అక్కడ అంతటి వేడి 1945 తర్వాత అదే మొదటిసారి.

నగరం ఒకటే, నెల ఒకటే. ఒక ఏడాది గొడుగులు తీయించిన మార్చి, మరుసటి ఏడాది వడగాలులను తలపించింది. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుందని తెలుగునాట నానుడి. చదువులకు, ఉద్యోగాలకు ఢిల్లీ చేరిన తెలుగువారికి అక్కడ ఆ నానుడి అక్కరకు రాదు. శివరాత్రి వెళ్లిన వారానికి కూడా మడతపెట్టిన రజాయిని మళ్లీ తీయవలసి రావచ్చు. శివరాత్రికి ముందే ఫ్యాన్లు తిరగనూవచ్చు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లోని ఈ చంచలత్వం నగరవాసికి కొద్దిపాటి అసౌకర్యమే. రాజధాని చుట్టూ ఉన్న రైతుకు మాత్రం అది ఏడాది పంటను నిర్ణయించే అంశం.

వాతావరణ శాఖ లెక్కలో వసంతం లేదు

భారత వాతావరణ శాఖ ఏడాదిని నాలుగు భాగాలుగా విభజిస్తుంది. జనవరి, ఫిబ్రవరి శీతకాలం. మార్చి నుంచి మే వరకు రుతుపవనాలకు ముందు కాలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రుతుపవనాల అనంతర కాలం. ఈ విభజనలో వసంతానికి విడిగా చోటు లేదు.

జన జీవనంలో మాత్రం వసంతం ఉంది. మాఘ శుద్ధ పంచమి నాడు ఉత్తరాదిన వసంత పంచమి జరుపుకుంటారు. ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ దర్గాలో ఆ సందర్భంగా పసుపు పూలు సమర్పించే ఆనవాయితీ ఉంది. నగరం చుట్టూ ఆవ చేలు పసుపుపచ్చగా పూసే రోజులవి. ఆ తరువాత కొద్ది వారాలకు రోడ్ల వెంట బూరుగు చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి.

అంకెల్లో చూస్తే ఈ కాలం ఎంత నిటారుగా సాగుతుందో తెలుస్తుంది. ఢిల్లీలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత జనవరిలో సుమారు 20 డిగ్రీలు, ఫిబ్రవరిలో 24, మార్చిలో 30. అంటే రెండు నెలల్లో 10 డిగ్రీల పెరుగుదల. సముద్ర తీరాన ఉన్న విశాఖపట్నంలో ఇదే వ్యవధిలో పెరిగేది దాదాపు అందులో సగమే. సముద్రం నెమ్మదిగా వేడెక్కి, నెమ్మదిగా చల్లబడుతుంది. పక్కనున్న నేలను కూడా అదుపులో ఉంచుతుంది. ఢిల్లీకి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అందువల్ల అక్కడి నేల ఎండకు త్వరగా కాగి, రాత్రికి త్వరగా చల్లారుతుంది. మార్చిలో పగటికీ రాత్రికీ మధ్య 15 డిగ్రీల వరకు తేడా ఉండటం సాధారణం.

సముద్రం లేని నగరానికి సముద్రాల వాన

సముద్రానికి దూరంగా ఉన్నప్పటికీ, ఈ నెలల్లో ఢిల్లీ వాతావరణాన్ని మార్చేది సముద్రాల నుంచి వచ్చే తేమే. శీతకాలంలో మధ్యధరా ప్రాంతంలో పుట్టే అల్పపీడన వ్యవస్థలు ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా తూర్పు దిశగా ప్రయాణించి హిమాలయాలను చేరతాయి. వీటినే వెస్టర్న్ డిస్టర్బెన్స్ లేదా పశ్చిమ అలజడులు అంటారు. చలికాలంలో ఇవి నెలకు సగటున నాలుగు నుంచి ఆరు వరకు వస్తాయి.

వీటిని మోసుకొచ్చేది జెట్ ప్రవాహం. భూమికి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు అతివేగంగా వీచే గాలుల నది ఇది. చలికాలంలో ఇది ఉత్తర భారతం మీదుగా సాగుతుంది. వేసవి సమీపించే కొద్దీ ఉత్తరానికి జరుగుతుంది. దానితో పాటే పశ్చిమ అలజడుల దారి కూడా పైకి జరుగుతుంది.

దారిలో ఈ వ్యవస్థలు కాస్పియన్ వంటి ఇతర జలరాశుల నుంచి కూడా కొంత తేమను గ్రహిస్తాయి. ఇవి బలంగా ఉన్నప్పుడు రాజస్థాన్, హరియాణా పరిసరాల్లో మరో చిన్న ఉపరితల ఆవర్తనం ఏర్పడుతుంది. అది అరేబియా సముద్రం నుంచి తేమగాలులను లాక్కొస్తుంది. రెండు తేమలూ కలిసినప్పుడు పర్వతాల్లో మంచు, మైదానాల్లో వాన కురుస్తాయి. ఆ మంచే కరిగి వేసవిలో యమున, గంగ నదులకు నీరవుతుంది.

ఒక అలజడి వచ్చి వెళ్లేలోపు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఢిల్లీ వాతావరణం తోచినట్లు మారుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రతి పశ్చిమ అలజడీ దాదాపు ఒకే క్రమాన్ని పాటిస్తుంది.

మొదట గాలి దిశ మారుతుంది. అప్పటిదాకా వాయవ్యం నుంచి వీస్తున్న పొడి గాలి ఆగి, తూర్పు లేదా ఆగ్నేయం నుంచి తేమగాలి మొదలవుతుంది. ఎత్తున పలుచని మబ్బు కమ్ముతుంది. మబ్బు దుప్పటిలా పనిచేసి నేల వేడిని పైకి పోనివ్వదు. అందువల్ల ఆ రాత్రి చలి తగ్గి, ఉక్కగా అనిపిస్తుంది. చాలామంది చలి వెళ్లిపోయిందని పొరబడేది ఈ దశలోనే.

మరుసటి రోజు మబ్బులు దట్టమవుతాయి. ఉరుములు, జల్లులు, ఈదురుగాలులు వస్తాయి. పగటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది.

వ్యవస్థ తూర్పుకు దాటిపోయాక ఆకాశం నిర్మలమవుతుంది. తాజాగా మంచు కురిసిన పర్వతాల వైపు నుంచి వాయవ్య గాలులు వేగంగా వీస్తాయి. పోయిందనుకున్న చలి రెండు, మూడు రోజులు తిరిగి వస్తుంది. తడిసిన నేల వల్ల తెల్లవారుజామున పొగమంచు కూడా పట్టవచ్చు. గాలిలోని కాలుష్యాన్ని ఈ వానలు, గాలులు కొంతమేర కడిగేస్తాయి.

ఆ తరువాత మరో అలజడి వెంటనే వస్తే ఇదే క్రమం పునరావృతమవుతుంది. రాకపోతే ఎండకు అడ్డు ఉండదు. రాజస్థాన్ ఎడారి వైపు నుంచి పొడిగాలులు తోడై, వారం రోజుల్లోనే వేసవి దిగుతుంది.

వడగళ్లు ఈ రోజుల్లోనే ఎందుకు?

2019 ఫిబ్రవరి 7న ఢిల్లీ, నోయిడా పరిసరాల్లో వడగళ్లు పడి వీధులు మంచు కురిసినట్లు తెల్లబడ్డాయి. శీతకాలం ముగిసే వేళలోనే ఇలాంటి దృశ్యాలు కనిపించడానికి కారణం ఉంది.

వడగళ్లు ఏర్పడాలంటే నేల దగ్గర గాలి వేడెక్కి బలంగా పైకి లేవాలి. పైన గడ్డకట్టే చలి ఉండాలి. నడి చలికాలంలో మొదటిది ఉండదు. నడి వేసవిలో గడ్డకట్టే స్థాయి చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి, వడగళ్లు నేలను చేరేలోపు చాలావరకు కరుగుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కింద ఎండ, పైన పశ్చిమ అలజడి తెచ్చిన చల్లగాలి ఒకేసారి ఉంటాయి.

పశ్చిమ అలజడులు దక్షిణాదికి నేరుగా చేరడం అరుదు. అయితే పై స్థాయి గాలుల ద్రోణి దక్షిణానికి విస్తరించి, బంగాళాఖాతం తేమ తోడైనప్పుడు తెలుగునాట కూడా మార్చిలో వడగళ్లు పడతాయి. 2023 మార్చి మధ్యలో తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో అలాంటి వానే కురిసింది.

గోధుమకు కీలకమైన మూడు, నాలుగు వారాలు

జాతీయ రాజధాని ప్రాంతం అంటే నగరాలు మాత్రమే కాదు. హరియాణాలోని కర్నాల్, పానిపట్, సోనిపట్, రోహ్‌తక్, ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్, బాగ్‌పత్, ముజఫర్‌నగర్, రాజస్థాన్‌లోని అల్వర్, భరత్‌పుర్ జిల్లాలు కూడా ఇందులో భాగమే. వీటిలో చాలాచోట్ల చలికాలపు ప్రధాన పంట గోధుమ. భరత్‌పుర్, అల్వర్ ప్రాంతాలు ఆవ సాగుకు ప్రసిద్ధి.

నవంబరులో వేసిన గోధుమ ఫిబ్రవరి చివర, మార్చిలో గింజ పాలు పోసుకునే దశకు చేరుతుంది. ఆ మూడు, నాలుగు వారాలు చల్లగా ఉంటే గింజ నిదానంగా నిండి బరువు తూగుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి పైపైకి పోతే మొక్క తొందరపడి పండుతుంది. గింజ సగమే నిండి ముడుచుకుపోతుంది. పైరు చూడటానికి బాగానే ఉంటుంది. నష్టం నూర్పిడి తర్వాత తూకంలోనే బయటపడుతుంది.

2022లో జరిగింది అదే. ఆ మార్చిలో దేశవ్యాప్తంగా వర్షపాతం సాధారణం కంటే 71 శాతం తక్కువ. సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 33.1 డిగ్రీలు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అప్పటికి అదే అత్యంత వేడి మార్చి. ఆ ఏడాది గోధుమ దిగుబడి 11.13 కోట్ల టన్నులని మొదట వేసిన అంచనాను కేంద్రం మే నెలలో 10.5 కోట్ల టన్నులకు తగ్గించింది. మే 13న గోధుమ ఎగుమతులను నిషేధించింది. పంజాబ్, హరియాణాలలో ముడుచుకున్న గింజలు 18 శాతం వరకు ఉన్నా కొనుగోలుకు అనుమతించింది.

యుక్రెయిన్ యుద్ధం వల్ల బహిరంగ మార్కెట్లో ధరలు పెరగడం కూడా తోడై, ప్రభుత్వ సేకరణ అంతకుముందు ఏడాదిలోని సుమారు 433 లక్షల టన్నుల నుంచి 188 లక్షల టన్నులకు పడిపోయింది. ఢిల్లీ సహా పలు రాష్ట్రాలలో ఉచిత రేషన్‌లో గోధుమ వాటాను తగ్గించి, ఆ మేరకు బియ్యం ఇచ్చారు. మార్చి ఎండ ప్రభావం ఆ విధంగా చౌకధరల దుకాణం దాకా వచ్చింది.

వాన కూడా వేళకు రావాలి

అలజడులు లేకపోవడమే కాదు, ఆలస్యంగా బలంగా రావడం కూడా నష్టమే. 2015 మార్చిలో అకాల వర్షాలు, వడగళ్లు ఉత్తర, మధ్య భారతాల్లో రబీ పంటలను విస్తృతంగా దెబ్బతీశాయి. గింజ నిండి బరువెక్కిన పైరు తడినేలలో ఈదురుగాలికి నేలకొరుగుతుంది. ఆవ కాయలు పగిలి గింజలు రాలిపోతాయి.

2023లో రెండు ఇబ్బందులూ వెంటవెంటనే వచ్చాయి. దేశంలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత ప్రకారం 1901 తర్వాత అత్యంత వేడి ఫిబ్రవరి అది. ఫిబ్రవరి 20న ఢిల్లీలో 33.6 డిగ్రీలు నమోదయ్యాయి. ఎండకు పంట పోతుందని ఆందోళన చెందిన రైతుల మీద మార్చి రెండో పక్షంలో వడగళ్లు పడ్డాయి. రంగు, మెరుపు కోల్పోయిన గోధుమను కూడా కొనేందుకు కేంద్రం మరోసారి నాణ్యతా నిబంధనలను సడలించింది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక మోస్తరు వాన గోధుమకు మేలు చేస్తుంది. అదే వాన మార్చి చివర పడితే కీడు చేస్తుంది. రైతుకు అందువల్ల ఎంత కురిసిందన్న దానికంటే ఎప్పుడు కురిసిందన్నదే ముఖ్యం.

వసంతం కుదించుకుపోతోందా?

క్లైమేట్ సెంట్రల్ సంస్థ 2024 మార్చిలో వెలువరించిన విశ్లేషణ, 1970 నుంచి ఉన్న ఉష్ణోగ్రతలను నెలవారీగా పరిశీలించింది. ఉత్తర భారతంలో డిసెంబరు, జనవరి నెలల్లో వేడిమి పెరుగుదల స్వల్పంగా ఉందని, కొన్నిచోట్ల చల్లబడటం కూడా కనిపించిందని, ఫిబ్రవరిలో మాత్రం పెరుగుదల బలంగా ఉందని పేర్కొంది. చలికీ వేసవికీ నడుమ ఉండే మెత్తని మలుపు దీనివల్ల పదునెక్కుతోంది. 2025 ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత 22.04 డిగ్రీలతో దేశంలో 1901 తర్వాత అత్యధికంగా నిలిచింది.

నగరంలో దీన్ని పూలే ముందు చెబుతాయి. చాణక్యపురిలోని శాంతిపథ్‌లో న్యూఢిల్లీ పురపాలక మండలి ఏటా ట్యులిప్ పూలు పెంచుతోంది. చలిదేశపు మొక్కలు కావడంతో ఫిబ్రవరి ఎండ ముదిరితే అవి త్వరగా వాడిపోతాయి.

రైతు ముందున్న మార్గాలు

శాస్త్రవేత్తల మొదటి సూచన విత్తే సమయాన్ని ముందుకు జరపడం. అక్టోబరు చివరి వారాల్లో వేసిన గోధుమ, మార్చి ఎండ ముదిరేలోపు గింజ నింపుకుంటుంది. అయితే సాధారణ రకాలను ముందుగా వేస్తే అవి త్వరపడి పూతకు వస్తాయి. ఢిల్లీలోని పూసా ఆవరణలో ఉన్న భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ముందస్తు విత్తనానికి అనువుగా హెచ్‌డీ 3385 రకాన్ని రూపొందించింది. కర్నాల్‌లోని గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ వాతావరణాన్ని బట్టి సాగు సలహాలు ఇస్తోంది. మార్చిలో ఎండ ముదిరినప్పుడు తేలికపాటి తడి ఇవ్వాలని, బలమైన గాలుల సూచన ఉన్నప్పుడు నీరు పెట్టరాదని శాస్త్రవేత్తలు చెబుతారు.

వాతావరణ శాఖ వ్యవసాయ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. మేఘదూత్ యాప్‌లో ఇవి ప్రాంతీయ భాషల్లో లభిస్తాయి. పిడుగుల హెచ్చరికలకు దామిని యాప్ ఉంది. హెచ్చరికల్లో పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకోమని సూచిస్తాయి.

నగరవాసులకు ఈ కాలంలో ఆరోగ్యపరమైన జాగ్రత్త అవసరం. దేశంలో సీజనల్ ఫ్లూ ఉద్ధృతమయ్యే రెండు కాలాల్లో జనవరి నుంచి మార్చి వరకు ఉన్నది ఒకటని కేంద్ర ఆరోగ్య శాఖ చెబుతోంది. చిన్న పిల్లలు, వృద్ధులు, శ్వాసకోశ వ్యాధులున్నవారు ఉదయం, రాత్రి చలి నుంచి కాపాడుకోవాలి.

ఢిల్లీలో మార్చి నెలలో ఆగ్నేయం నుంచి తేమగాలి వీచి, రాత్రి ఉక్కగా ఉంటే, రెండు రోజుల్లో మళ్లీ చలి రావచ్చని అర్థం. నగరంలో అది స్వెటర్ గురించిన ఆలోచన. కర్నాల్, మేరఠ్ పొలాల్లో పాలు పోసుకుంటున్న గింజకు అది ఊరటో ముప్పో కావడం, వెంట వచ్చేది జల్లా, వడగళ్లా అన్నదాన్ని బట్టి ఉంటుంది.