బ్లాక్‌బోర్డు చదువా, స్టెమ్ చదువా? అదనపు ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

అడ్మిషన్ల సీజన్‌లో గల్లీ మలుపుల్లో కట్టే స్కూల్ ఫ్లెక్సీల మీద ఈమధ్య ఒక మాట బాగా కనిపిస్తోంది. అదే స్టెమ్. రోబోటిక్స్, కోడింగ్, స్టెమ్ ల్యాబ్ అని రాసి, దానికి విడిగా ఫీజు కూడా అడుగుతున్నారు. చిన్న దుకాణం మీదో, నెల జీతం మీదో ముగ్గురు పిల్లల్ని చదివించే ఇంట్లో ఆ డబ్బు చిన్న మొత్తం కాదు. ఇంతకీ ఆ చదువులో కొత్తగా ఏముంది? పాత చదువులో పోయేదేమిటి?

సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథమెటిక్స్ అనే నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిస్తే స్టెమ్. అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2001 ప్రాంతంలో ఈ పేరును వాడుకలోకి తెచ్చింది. సైన్స్, లెక్కలు మన పిల్లలు ఎప్పటి నుంచో చదువుతున్నవే. వాటిని వేర్వేరు పీరియడ్లలో చెప్పకుండా, ఒక పని చేయిస్తూ కలిపి నేర్పడమే ఇందులో కొత్త సంగతి.

పాత పద్ధతి అందరికీ తెలిసిందే. టీచర్ చెప్తారు, బోర్డు మీద రాస్తారు, పిల్లలు నోట్స్ రాసుకుని ఇంట్లో బట్టీ పడతారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం ఇప్పుడు ఫ్యాషన్ అయింది కానీ, ఒక్క టీచర్ యాభై మందికి తక్కువ ఖర్చుతో పాఠం చెప్పి సిలబస్ టైముకు పూర్తి చేయగలిగేది ఇందులోనే. పహాడాలు నోటికి వచ్చిన పిల్లలకు భిన్నాలు, శాతాలు తేలిగ్గా పట్టుబడతాయి. రాని పిల్లలు ప్రతి మెట్టు దగ్గరా ఆగిపోతారు.

అయితే నోటికి రావడం వేరు, అర్థం కావడం వేరు. 1997లో అమెరికాలో 'మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. పట్టా పుచ్చుకున్న రోజునే కొందరు ఎంఐటీ విద్యార్థుల చేతికి ఒక బ్యాటరీ, చిన్న బల్బు, ఒక వైరు ఇచ్చి వెలిగించమన్నారు. వెలిగిస్తామన్న వాళ్లలో కొందరు వెలిగించలేకపోయారు! సర్క్యూట్ లెక్కలు ఎన్నో చేసినవాళ్లే. బల్బుకు రెండు చోట్ల కరెంటు తగలాలన్న సంగతి మాత్రం చేత్తో ఎప్పుడూ చేసి చూడలేదు.

చేసి నేర్చుకుంటే లాభమని పరిశోధనలూ చెప్తున్నాయి. కాలేజీ స్థాయి సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో వచ్చింది. లెక్చర్ మాత్రమే వినే క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు సుమారు 34 శాతం, విద్యార్థులు స్వయంగా పాల్గొనే క్లాసుల్లో 22 శాతం. 2019లో హార్వర్డ్‌లో జరిగిన ఇంకో అధ్యయనంలో తమాషా విషయం తేలింది. చేసి నేర్చుకున్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తమకు తక్కువ వచ్చిందని అనుకున్నారు. కాబట్టి పిల్లలు ఇంటికొచ్చి 'సార్ ఏమీ చెప్పడం లేదు, మాతోనే చేయిస్తున్నారు' అంటే వెంటనే కంగారు పడక్కర్లేదు.

అలాగని వస్తువులు చేతికిచ్చి వదిలేస్తే చదువు రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు టీచర్ దారి చూపకపోతే ఆ పద్ధతి సరిగా పనిచేయదని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో గట్టిగా వాదించారు. అబ్దుల్ కలాం తన రామేశ్వరం స్కూలు గురించి చెప్పిన సంగతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. పక్షి ఎలా ఎగురుతుందో శివసుబ్రమణ్య అయ్యర్ అనే టీచర్ ముందు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. అర్థం కాలేదని పిల్లలు అనడంతో సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి ఎగిరే పక్షుల్ని చూపించి మళ్లీ చెప్పారు. బోర్డు, ఒడ్డు రెండూ ఉన్నాయి. కిట్టు మాత్రం లేదు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 స్కూళ్లలో ప్రయోగాలతో సైన్స్ చెప్పే కార్యక్రమం మొదలైంది. తర్వాత జిల్లా అంతటికీ వెళ్లింది. చౌక సామానుతో పిల్లలు గుంపులుగా ప్రయోగాలు చేసేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఇప్పుడు కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబ్ ఎంపికైన స్కూలుకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం 3డీ ప్రింటర్లు, ఎలక్ట్రానిక్స్ కిట్లు వస్తాయి. కానీ ల్యాబ్ ఉండటం వేరు, పిల్లల చెయ్యి దాని మీద పడటం వేరు.

అసలు చిక్కు పరీక్షల దగ్గరే. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు దొరికేది నిమిషానికి కాస్త పైన. అక్కడ స్పీడు, జ్ఞాపకం కావాలి. వారమంతా ఒక మోడల్ మీద పనిచేసిన అలవాటు నేరుగా మార్కులు తెచ్చిపెట్టదు. అందుకే ఎనిమిదో తరగతి దాకా చేసి నేర్చుకోవడం ఎక్కువగా, ఆ తర్వాత ప్రాక్టీసు పెంచుకుంటూ పోవడం మధ్యతరగతి ఇంటికి మంచి లెక్క.

ఫీజు కట్టే ముందు ల్యాబ్ చూపించమని అడగాలి. మొన్న పిల్లలు చేసిన, చెడిపోయిన మోడల్ ఏదైనా ఉందా అని కూడా అడగాలి. అన్నీ తళతళలాడుతుంటే అవి చూపించడానికి పెట్టినవే. వారానికి ఎన్ని పీరియడ్లు, ఒక కిట్టుకు ఎంతమంది? గుంపులో మగపిల్లలు వైర్లు కలుపుతుంటే ఆడపిల్లలు రికార్డు రాస్తూ కూర్చుంటున్నారా? ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ అయిన పిల్లలు ప్రయోగం గురించి తమ భాషలో చెప్పొచ్చా? ఫ్లెక్సీ చూస్తే ఇవి తెలియవు.

ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చేయగలిగేది కూడా ఒకటుంది. డాబా మీద 50 సెంటీమీటర్ల కర్రను నిటారుగా నిలబెట్టి, అరగంటకోసారి నీడ కొలిచి గ్రాఫ్ గీయించాలి. మధ్యాహ్నం అతి చిన్న నీడ 10 సెంటీమీటర్లు ఉందనుకుందాం. హనఫీ లెక్కన అసర్ వేళ మొదలవ్వాలంటే కర్రకు రెండింతలు, ఆ పది కలిపి నీడ 110 సెంటీమీటర్లు కావాలి. ఆ టైమును మసీదు పట్టికతో పిల్లలే పోల్చి చూస్తారు. తేడా వస్తే కర్ర వంగిందా, కొలత తప్పిందా అని వాళ్లే వెతుకుతారు. హైదరాబాద్‌లో ఏటా రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు ఆ నిమిషంలో కర్రకు నీడే ఉండదు.